అయర్టన్ సెన్నా

అయర్టన్ సెన్నా (1960 మార్చి 21 - 1994 మే 1) బ్రెజిల్ దేశానికి చెందిన సుప్రసిద్ధ కారు పందేల చోదకుడు. పూర్తి పేరు అయర్టన్ సెన్నా డ సిల్వా. ఇతడు ఫార్ములా వన్ పందేలలో 1988, 1990, 1991 సంవత్సరాలలో మూడు పర్యాయాలు ప్రపంచ ఛాంపియన్ అయ్యాడు. మొత్తం 161 పందేలలో పాల్గొని 41 గెలిచాడు. క్వాలిఫయింగులో అందరికంటే తక్కువ సమయం నమోదు చేసి, పందెంలో ముందు వరుసలో మొదటి స్థానం నుండి బయలుదేరడాన్ని పోల్ పొజిషన్ అంటారు. సెన్నా 65 సార్లు ఈ స్థానం సంపాదించాడు. 34 ఏళ్ళ వయసులో ఇటలీలోని ఇమోలాలో పందెం జరుగుతుండగా ప్రమాదానికి గురై మరణించాడు.

సెన్నా పందేలలో ఉన్న కాలం గేరుబాక్సు చరిత్రలో ఒక సంధికాలం. అతడు ఫార్ములా వన్‌లో ప్రవేశించిన 1984లో ప్రతి కారులోనూ చేతితో కదిపే గేరు కడ్డీ, కాలితో తొక్కే క్లచ్చి పెడలు ఉండేవి. అతడు మరణించేనాటికి ముందు వరుసల కార్లన్నిటిలో స్టీరింగు వెనుక ఉండే చిన్న మీటలు ఆ పని చేస్తున్నాయి. చేతి గేరు కారుతో ఫార్ములా వన్ ప్రపంచ ఛాంపియన్ అయిన చివరి చోదకుడు సెన్నాయే (1991). మాన్యువల్ గేరుబాక్సును అభిమానించేవారి చర్చలలో ఇతని పేరు తరచు వినిపించడానికి ఇది ముఖ్య కారణం.

బాల్యం

సెన్నా సావోపాలో నగరంలో సంపన్న కుటుంబంలో జన్మించాడు. తండ్రి మిల్టన్ డ సిల్వా వ్యాపారి, భూస్వామి. తల్లి నెయిడె సెన్నా. అక్క వివియానే, తమ్ముడు లియొనార్డో. ఇంట్లో ఇతడిని బెకో అని పిలిచేవారు. చిన్నతనంలో నడకలోనూ మెట్లెక్కడంలోనూ తడబడేవాడని, కాళ్ళూ చేతులూ ఒకదానితో ఒకటి కుదిరేవి కావని తల్లిదండ్రులు బెంగపడ్డారు. నాలుగేళ్ళ వయసులో తండ్రి గడ్డి కోసే యంత్రపు ఇంజను బిగించి ఒక చిన్న కార్టు తయారు చేసి ఇచ్చాడు. దాన్ని నడిపేటప్పుడు ఆ తడబాటు కనిపించేది కాదు.

ఏడేళ్ళ వయసులో కుటుంబానికి చెందిన పొలంలో జీపు నడపడం నేర్చుకున్నాడు. అప్పుడే క్లచ్చి తొక్కకుండా గేర్లు మార్చడం కూడా అలవరచుకున్నాడు. పాతకాలపు గేరుబాక్సులో ఇది తేలికైన పని కాదు. ఇంజను తిరిగే వేగం, చక్రాల వైపు నుండి తిరిగే పళ్ళచక్రాల వేగం సమానమైన క్షణంలోనే కడ్డీ మెత్తగా జారుతుంది. ఆ క్షణం తప్పితే పళ్ళు ఒరుసుకుని గరగరమంటాయి. ఆ క్షణాన్ని కనిపెట్టడానికి చెవి, చేయి తప్ప వేరే సాధనం లేదు.

కార్టు పందేలు

1973లో 13 ఏళ్ళ వయసులో ఇంటర్‌లాగోస్‌లో మొదటి కార్టు పందెంలో పాల్గొన్నాడు. 1977లో దక్షిణ అమెరికా కార్టింగ్ ఛాంపియన్ అయ్యాడు. 1978 నుండి ఇటలీకి చెందిన డి.ఎ.పి. జట్టు తరఫున ప్రపంచ పోటీలలో పాల్గొని 1979, 1980లలో రెండవ స్థానంలో నిలిచాడు. ప్రపంచ కార్టింగ్ ఛాంపియన్ పదవి మాత్రం ఇతనికి ఎన్నడూ దక్కలేదు. బాల్యంలో వానలో జరిగిన ఒక పందెంలో వెనుకబడిన తరువాత, వాన పడినప్పుడల్లా కార్టు తీసుకుని బయలుదేరేవాడు. తడి బాట మీద తరువాతి కాలంలో ఇతనికి వచ్చిన పేరు ఈ సాధన ఫలితమే.

ఇంగ్లండులో

1981లో ఇంగ్లండు వెళ్ళి వాన్ డీమెన్ జట్టులో చేరి ఫార్ములా ఫోర్డ్ 1600 పందేలలో రెండు ఛాంపియన్‌షిప్‌లు గెలిచాడు. అంతవరకు నడిపిన కార్టులకు గేర్లు ఉండేవి కావు. ఫార్ములా ఫోర్డ్ కారుకు నాలుగు గేర్ల చేతి గేరుబాక్సు ఉండేది, రెక్కలు ఉండేవి కావు, టైర్లు సన్ననివి. చోదకుని నైపుణ్యం తప్ప మరే ఆధారమూ లేని ఆ తరగతిలో మొదటి ఏడే గెలవడం అతని ప్రతిభకు తార్కాణం. అయినా ఆ సంవత్సరాంతంలో తండ్రి వ్యాపారం చూసుకోవడానికి పందేలు మానివేస్తున్నానని చెప్పి స్వదేశానికి వెళ్ళిపోయాడు. మనసు మార్చుకుని 1982లో తిరిగి వచ్చి ఫార్ములా ఫోర్డ్ 2000లో బ్రిటిషు, ఐరోపా ఛాంపియన్‌షిప్‌లు రెండూ గెలిచాడు. సిల్వా అనేది బ్రెజిల్‌లో మరీ సాధారణమైన పేరు కావడంతో తల్లి ఇంటిపేరైన సెన్నాను వాడడం మొదలుపెట్టాడు. 1983లో మార్టిన్ బ్రండెల్‌తో హోరాహోరీగా పోరాడి బ్రిటిషు ఫార్ములా 3 ఛాంపియన్ అయ్యాడు. అదే సంవత్సరం మకావులో జరిగిన ఫార్ములా 3 పందెం కూడా గెలిచాడు.

ఫార్ములా వన్‌లో తొలి సంవత్సరాలు

1984 మార్చిలో రియో డి జనీరోలో టోల్‌మన్ జట్టు తరఫున సెన్నా తొలి ఫార్ములా వన్ పందెంలో పాల్గొన్నాడు. టోల్‌మన్ చిన్న జట్టు. ఆ ఏడు జూన్ 3న కుండపోత వానలో జరిగిన మొనాకో పందెంలో 13వ స్థానం నుండి బయలుదేరి, ఒక్కొక్కరినీ దాటుతూ రెండవ స్థానానికి చేరాడు. ముందున్న అలెన్ ప్రోస్ట్‌ను దాదాపు అందుకోబోతుండగా వాన కారణంగా పందెం ఆపివేశారు.

అంతకు మూడు వారాల ముందు, మే 12న జర్మనీలో కొత్త నూర్బర్గ్‌రింగ్ ప్రారంభోత్సవం సందర్భంగా మెర్సిడెస్ సంస్థ ఒక ప్రదర్శన పందెం ఏర్పాటు చేసింది. ఇది ఛాంపియన్‌షిప్‌లో భాగం కాకపోయినా సెన్నా జీవితంలో చెప్పుకోదగ్గ ఘట్టం. నికీ లౌడా, అలెన్ ప్రోస్ట్, కెకె రోస్‌బర్గ్, జాక్ బ్రాభమ్, స్టిర్లింగ్ మాస్ వంటి మహామహులందరికీ ఒకే రకమైన మెర్సిడెస్ 190 ఇ 2.3-16 కార్లు ఇచ్చారు. ఇవి బజారులో అమ్మే నాలుగు తలుపుల కార్లు. గేరుబాక్సు ఐదు గేర్ల మాన్యువల్. దీనిలో ఒకటవ గేరు మామూలు చోట కాక ఎడమ పక్కన కిందికి ఉంటుంది. అందువల్ల పందెంలో ఎక్కువగా వాడే రెండు, మూడు గేర్లు ఒకే సరళరేఖలో వస్తాయి. ఆ గుంపులో పెద్దగా పేరు లేని 24 ఏళ్ళ సెన్నా, లౌడాను వెనుక ఉంచి గెలిచాడు.

1985లో లోటస్ జట్టులో చేరాడు. ఏప్రిల్ 21న పోర్చుగల్‌లోని ఎస్టోరిల్‌లో, వానలోనే, మొదటి పోల్ పొజిషన్‌తో పాటు మొదటి విజయం కూడా సాధించాడు. లోటస్‌లో ఉన్న మూడేళ్ళలో ఆరు పందేలు గెలిచాడు. 1986లో స్పెయిన్‌లో నైజెల్ మాన్సెల్ కంటే 0.014 సెకను తేడాతో ముందు గమ్యం చేరాడు.

నడిపే పద్ధతి

ఆనాటి కారులో గేరు మార్చడం అంటే ఏమిటో తెలిస్తే గాని సెన్నా నైపుణ్యం అర్థం కాదు. గేరు కడ్డీ ఆంగ్ల అక్షరం హెచ్ ఆకారపు గాళ్ళలో కదులుతుంది. మలుపు వచ్చినప్పుడు చోదకుడు కుడికాలి మునివేళ్ళతో బ్రేకు తొక్కుతూ, అదే పాదం మడమతో గాని పక్క అంచుతో గాని యాక్సిలరేటరును ఒక్కసారి అదిమి ఇంజను వేగం పెంచాలి. ఎడమకాలితో క్లచ్చి తొక్కాలి. కుడిచేయి స్టీరింగు వదలి కడ్డీని కింది గేరులోకి తోయాలి. ఎడమచేయి ఒక్కటే కారును బాట మీద నిలపాలి. ఇదంతా ఒక సెకను కంటే తక్కువ సమయంలో జరగాలి. ఇంజను వేగం సరిపోకపోతే వెనుక చక్రాలు పట్టు తప్పుతాయి. పొరపాటున ఒక గేరుకు బదులు మరొకటి పడితే ఇంజను హద్దు మీరి తిరిగి పేలిపోతుంది. మొనాకోలో చుట్టుకు పాతిక సార్లు గేరు మార్చినా 78 చుట్టలకు దాదాపు రెండు వేల సార్లవుతుంది. ఈ మొనాకోలో సెన్నా ఆరుసార్లు గెలిచాడు (1987, 1989 నుండి 1993 వరకు).

మలుపు మధ్యలో యాక్సిలరేటరును నిలకడగా తొక్కక, చిన్న చిన్న తట్లుగా అదుముతూ వదులుతూ ఉండడం ఇతని ప్రత్యేకత. టర్బో తిరిగే వేగం పడిపోకుండా ఉంచడానికి, టైరు పట్టు ఎంతవరకు ఉందో తెలుసుకోవడానికి ఇది ఉపయోగపడిందని చెబుతారు. టర్బోలు పోయిన తరువాత కూడా ఈ అలవాటు మానలేదు.

మెక్‌లారెన్ జట్టు, ప్రోస్ట్‌తో వైరం

1988లో మెక్‌లారెన్ జట్టులో ప్రోస్ట్‌కు సహచోదకుడిగా చేరాడు. హోండా ఇంజనుతో ఆ జట్టు 16 పందేలలో 15 గెలిచింది. సెన్నా ఎనిమిది, ప్రోస్ట్ ఏడు. మొత్తం పాయింట్లలో ప్రోస్ట్‌వే ఎక్కువైనా, అప్పటి నియమం ప్రకారం ఉత్తమమైన 11 ఫలితాలనే లెక్కించడంతో సెన్నా ఛాంపియన్ అయ్యాడు. ఛాంపియన్‌షిప్‌ను తేల్చిన జపాన్ పందెం ప్రారంభంలో అతని కారు ఇంజను ఆగిపోయింది. సుజుకాలో బయలుదేరే చోటు పల్లంగా ఉంటుంది. కారు దొర్లుతుండగా గేరు వేసి క్లచ్చి వదిలి, మన ఊళ్ళలో బ్యాటరీ దిగిపోయిన జీపును దొర్లించి స్టార్టు చేసినట్లే, ఇంజనును తిరిగి రగిలించాడు. అప్పటికి 14వ స్థానానికి పడిపోయాడు. అక్కడి నుండి అందరినీ దాటి గెలిచాడు.

1989లో సుజుకాలో సెన్నా, ప్రోస్ట్ కార్లు ఢీకొన్నాయి. సెన్నా కొనసాగించి ముందుగా గమ్యం చేరినా అనర్హుడిగా ప్రకటించారు. ప్రోస్ట్ ఛాంపియన్ అయ్యాడు. మరుసటి ఏడు అక్కడే మొదటి మలుపులో సెన్నా ప్రోస్ట్ కారును ఢీకొట్టాడు. ఇద్దరూ పందెం నుండి తప్పుకోగా ఛాంపియన్‌షిప్ సెన్నా వశమైంది. అది కావాలని చేసిన పనేనని 1991లో స్వయంగా అంగీకరించాడు. అంత వేగంలో మరొకరి ప్రాణాలను పణంగా పెట్టిన ఈ చర్యను సమర్థించడం ఇతని వీరాభిమానులకు కూడా కష్టమే.

ఈ వైరం హడావుడిలో మరుగున పడిన సంగతి ఒకటుంది. 1989లో ఫెరారీ జట్టు జాన్ బర్నార్డ్ రూపొందించిన 640 అనే కారును దించింది. దీనిలో గేరు కడ్డీ లేదు. స్టీరింగు వెనుక ఉన్న రెండు మీటలలో ఒకటి పై గేరుకు, మరొకటి కింది గేరుకు. క్లచ్చి పని యంత్రమే చూసుకుంటుంది. తొలి పందెమైన బ్రెజిల్‌లోనే మాన్సెల్ దీనితో గెలిచాడు గాని, ఆ ఏడంతా ఇది తరచు మొరాయించింది. 1990లో ప్రోస్ట్ ఫెరారీకి మారాడు. అంటే ఆ సంవత్సరపు పోరు మీటల గేరుకూ చేతి గేరుకూ మధ్య కూడా జరిగింది. మెక్‌లారెన్‌లో ఇంకా ఆరు గేర్ల కడ్డీయే ఉండేది.

1991 బ్రెజిల్ పందెం

1991 మార్చి 24న సావోపాలోలోని ఇంటర్‌లాగోస్‌లో జరిగిన పందెం సెన్నా జీవితంలో మరపురానిది. అప్పటికి రెండుసార్లు ఛాంపియన్ అయినా సొంత దేశంలో ఒక్కసారి కూడా గెలవలేదు. పోల్ పొజిషన్ నుండి బయలుదేరి ముందుండి సాగాడు. వెనుక తరుముకొచ్చిన మాన్సెల్ విలియమ్స్ కారులో మీటల గేరుబాక్సు ఉంది. పందెం చివరి భాగంలో సెన్నా కారులో నాలుగవ గేరు పోయింది. మాన్సెల్ గేరుబాక్సు కూడా చెడిపోయి అతడు పందెం నుండి తప్పుకున్నాడు. కొత్త యంత్రం పూర్తిగా ఆగిపోగా పాత యంత్రం కుంటుతూ నడిచిందన్నమాట. తరువాత సెన్నా కారులో మూడు, ఐదు గేర్లు కూడా నిలవలేదు. చివరి చుట్లు ఆరవ గేరులోనే నడిపాడు.

ఆరవ గేరు పొడవైన తిన్నని బాట కోసం ఉద్దేశించినది. నెమ్మదైన మలుపులో ఆ గేరుతో వెళితే ఇంజను వేగం అడుగంటి ఆగిపోయే ప్రమాదం ఉంది. కనుక మలుపులో కూడా వేగం తగ్గనివ్వరాదు. కింది గేరు వేస్తే ఇంజను చేసే సహాయం లేదు కాబట్టి వేగం తగ్గించే భారమంతా బ్రేకుల మీద, కారును తిప్పే భారమంతా భుజాల మీద పడింది. అంతలో వాన మొదలైంది. విలియమ్స్ జట్టుకే చెందిన రికార్డో పట్రేసే చుట్టు చుట్టుకూ దగ్గరవుతూ వచ్చాడు. చివరకు 2.991 సెకన్ల తేడాతో సెన్నా గెలిచాడు. కండరాలు పట్టేసి కారులో నుండి తానుగా దిగలేకపోయాడు. బహుమతి పాత్రను ఎంతో కష్టం మీద తలపైకి ఎత్తాడు.

ఆ సంవత్సరం మొదటి నాలుగు పందేలనూ గెలిచి, మొత్తం మీద ఏడు విజయాలతో మూడవసారి ఛాంపియన్ అయ్యాడు. అతడు నడిపిన వి-12 హోండా ఇంజను గల మెక్‌లారెన్ ఎం.పి.4/6, చేతి గేరుతో ఛాంపియన్‌షిప్ గెలిచిన చివరి కారు. 1992లో మూడవ పందెం నుండి మెక్‌లారెన్ కూడా మీటలకు మారింది.

హోండా ఎన్.ఎస్.ఎక్స్.

1989 ఫిబ్రవరిలో సుజుకాలో ఉన్న సెన్నాకు హోండా ఇంజనీర్లు తాము తయారు చేస్తున్న క్రీడా కారు నమూనాను చూపి నడపమన్నారు. కారు చట్రం ఇంకా దృఢంగా ఉండాలని అతడు అభిప్రాయపడ్డాడు. తరువాత ఇంజనీర్లు నూర్బర్గ్‌రింగ్‌లో నెలల తరబడి పరీక్షలు జరిపి దృఢత్వాన్ని దాదాపు సగం మేర పెంచారు. ఆ కారే 1990లో అమ్మకానికి వచ్చిన ఎన్.ఎస్.ఎక్స్. మొత్తం అల్యూమినియంతో చేసిన శరీరం, 3 లీటర్ల వి-6 ఇంజను, ఐదు గేర్ల మాన్యువల్ గేరుబాక్సు దీని ముఖ్య లక్షణాలు. ఆటోమాటిక్ కూడా లభించేది గాని, అభిమానులు ఆదరించింది మాన్యువల్‌నే. కారును సెన్నా రూపొందించాడని కొందరు చెప్పేది అతిశయోక్తి. అతని పాత్ర సలహా ఇవ్వడం వరకే.

సెన్నా సుజుకాలో ఎన్.ఎస్.ఎక్స్. నడుపుతుండగా తీసిన చలనచిత్రం ఒకటి బహుళ ప్రచారం పొందింది. దానిలో ఒక కెమెరా అతని పాదాలను చూపుతుంది. పందెపు బూట్లు లేవు, మామూలు తోలు బూట్లు, తెల్లని మేజోళ్ళు. మూడు పెడళ్ళ మీద ఆ పాదాలు కదిలే తీరు మడమ-మునివేళ్ళ పద్ధతికి ఉత్తమ పాఠంగా నేటికీ చూపబడుతున్నది.

చివరి సంవత్సరాలు

1992లో ఎలక్ట్రానిక్ సాధనాలు నిండిన విలియమ్స్ కార్ల ముందు మెక్‌లారెన్ నిలవలేకపోయింది. సెన్నా మూడు పందేలే గెలిచాడు. ఆ ఏడు బెల్జియంలో అభ్యాసం సమయంలో ఎరిక్ కోమాస్ కారు ప్రమాదానికి గురై బాట మధ్య నిలిచిపోతే, సెన్నా తన కారు ఆపి పరుగున వెళ్ళి దాని ఇంజను ఆపి, అతని తలను కదలకుండా పట్టుకున్నాడు. 1993 ఏప్రిల్ 11న ఇంగ్లండులోని డోనింగ్టన్‌లో తడి బాట మీద ఐదవ స్థానం నుండి మొదటి చుట్టు పూర్తయ్యేలోగా మొదటి స్థానానికి వచ్చి గెలిచాడు. ఆ సంవత్సరం ఐదు విజయాలు సాధించాడు.

1994లో విలియమ్స్ జట్టులో చేరాడు. ఏ ఎలక్ట్రానిక్ సాధనాల కోసం ఆ జట్టును కోరుకున్నాడో వాటిలో చాలావాటిని ఆ ఏడే నిషేధించారు. మొదటి మూడు పందేలలోనూ పోల్ పొజిషన్ సాధించినా ఒక్కటీ పూర్తి చేయలేదు. ఇమోలాలో ఏప్రిల్ 29న రూబెన్స్ బారికెల్లో గాయపడ్డాడు. 30న ఆస్ట్రియాకు చెందిన రోలండ్ రాట్జెన్‌బర్గర్ మరణించాడు. మే 1న పందెం ఏడవ చుట్టులో టాంబురెల్లో అనే మలుపు వద్ద గంటకు 300 కి.మీ. పైబడిన వేగంతో వెళుతున్న సెన్నా కారు బాట విడిచి కాంక్రీటు గోడను ఢీకొన్నది. తలకు తీవ్ర గాయాలై బొలోన్యాలోని ఆసుపత్రిలో ఆ సాయంత్రం మరణించాడు. కారులో ఆస్ట్రియా జెండా ఒకటి దొరికింది. గెలిస్తే రాట్జెన్‌బర్గర్ స్మృతికి దాన్ని ఎగురవేయాలని దాచుకున్నాడు.

బ్రెజిల్ ప్రభుత్వం మూడు రోజులు సంతాప దినాలు ప్రకటించింది. మే 5న సావోపాలోలోని మొరుంబి శ్మశానంలో ఖననం చేశారు. స్టీరింగు కడ్డీకి చేసిన మార్పు సరిగా లేక అది విరగడమే ప్రమాదానికి కారణమని ఇటలీ ఉన్నత న్యాయస్థానం 2007లో తేల్చింది. కాలపరిమితి దాటినందున ఎవరికీ శిక్ష పడలేదు. ఈ ప్రమాదం తరువాత పందేలలో భద్రతా నియమాలు ఎంతో కట్టుదిట్టమయ్యాయి. టాంబురెల్లో మలుపు ఆకారాన్నే మార్చారు.

మాన్యువల్ గేరుబాక్సు అభిమానులలో సెన్నా

1997లో ఫెరారీ ఎఫ్.355 కారుతో మీటల గేరు రోడ్డు మీదికి వచ్చింది. తరువాత రెండు క్లచ్చుల గేరుబాక్సులు వచ్చి, ఏ మనిషి చేయీ అందుకోలేని వేగంతో గేర్లు మార్చసాగాయి. 2013లో పోర్షే సంస్థ తన 911 జి.టి.3 కారును మాన్యువల్ లేకుండా విడుదల చేసినప్పుడు అభిమానులు నిరసించారు. 2016లో ఆ సంస్థే మాన్యువల్ మాత్రమే గల 911 ఆర్ కార్లు 991 తయారు చేసింది. 2017లో జి.టి.3లో కూడా మాన్యువల్‌ను తిరిగి ప్రవేశపెట్టింది. గడియారం లెక్కలో ఓడినా, మనిషికి పని మిగిల్చే కారే ఆనందం ఇస్తుందన్నది ఈ అభిమానుల వాదం. దీనికి సెన్నా పాదాల చలనచిత్రాన్నీ 1991 బ్రెజిల్ పందెాన్నీ ఉదాహరణగా చూపుతారు.

ఈ ఉదాహరణ సగమే సరిపోతుంది. సెన్నా పాత పద్ధతులను ప్రేమించి పట్టుకు వేళ్ళాడినవాడు కాడు. తన జట్టుకు లేని యంత్రం ఎదుటి జట్టుకు ఉంటే సహించలేకపోయేవాడు. 1993లో విలియమ్స్ కారు కోసం జీతం లేకుండా నడపడానికి కూడా సిద్ధపడ్డాడు. డోనింగ్టన్‌లో గెలిచిన కారులో మీటల గేరు, చక్రాలు జారకుండా ఆపే సాధనం రెండూ ఉన్నాయి. మరోవైపు, నడిపేవాడి తేడా ఎక్కడ బయటపడుతుందన్న ప్రశ్నకు అతని జీవితం ఇచ్చే సమాధానం అభిమానుల పక్షానే ఉంది. గేరు తప్పే అవకాశం ఉన్న కారులోనే తప్పనివాడెవరో తెలుస్తుంది.

మెక్‌లారెన్ సంస్థ 2018లో సెన్నా పేరుతో ఒక కారు విడుదల చేసింది. తయారైనవి 500. దీనిలో ఏడు గేర్ల రెండు క్లచ్చుల గేరుబాక్సు ఉంటుంది, క్లచ్చి పెడలు లేదు. 2016లో తిరిగి వచ్చి 2022 వరకు తయారైన రెండవ తరం ఎన్.ఎస్.ఎక్స్.లో కూడా మాన్యువల్ లేదు. ఎన్.ఎస్.ఎక్స్.ను ప్రమాణంగా తీసుకుని 1990లలో ఆరు గేర్ల మాన్యువల్‌తో మెక్‌లారెన్ ఎఫ్1 కారును రూపొందించిన గోర్డన్ మర్రే మాత్రం 2020లో ప్రకటించిన తన టి.50 కారుకు మళ్ళీ ఆరు గేర్ల కడ్డీనే అమర్చాడు.

స్మృతి

1994 నవంబరులో అక్క వివియానే ఇతని పేరున ఒక సంస్థ నెలకొల్పి బ్రెజిల్ బాలల విద్యకు కృషి చేస్తూ వచ్చింది. బీద పిల్లలకు ఏదైనా చేయాలన్న ఆలోచనను సెన్నా మరణానికి కొద్ది కాలం ముందు ఆమెతో పంచుకున్నాడు. ఇతని 65 పోల్ పొజిషన్ల రికార్డును 2006 ఏప్రిల్‌లో మైఖేల్ షూమాకర్ ఇమోలాలోనే అధిగమించాడు.